బోర్లా పడితే బొబ్బట్లు

నాట్యానికి పేరుమోసిన కూచిపూడిలో కూడా ఏ బిడ్డా పుట్టగానే అడుగులు వేయదు. ముందు బోర్లా పడాలి, పాకాలి, దోగాడాలి. ఆ లెక్క మన ఇళ్లలో పిండివంటలతోనే: బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీ పిల్లలతో సహా అయిదు దేశాల్లో 816 మందిని గమనించి 2006లో వివరాలు ప్రకటించింది. దోగాడటం అయిదో నెల దాటాక మొదలవ్వచ్చు, పదమూడున్నర నెలలకూ కావచ్చు. ఊతం లేని నడక 8 నుంచి 18 నెలల లోపు. అసలు దోగాడకుండానే నడిచేసినవాళ్లు నూటికి నలుగురు! కనుక అమ్మమ్మలూ, పక్కింటి బుజ్జిగాడితో పోలిక మానండి.

బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు చాప మీద బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా గిలక్కాయ పెట్టండి. చక్రాల వాకర్ మాత్రం వద్దు. అది నడక నేర్పదు, మెట్ల మీంచి దొర్లిస్తుంది. కెనడా 2004లోనే దాన్ని నిషేధించింది.

తొమ్మిది నెలలు నిండినా కూర్చోకపోతే, ఒకవైపు చెయ్యీ కాలే కదిపితే, 18 నెలలకూ నడవకపోతే ఆలస్యం చేయకండి. అంగన్‌వాడీలో గానీ ఆశా కార్యకర్తకు గానీ వెంటనే చెప్పండి.