పాత బంగళాకు సిమెంటు పూత వద్దు



జగ్గయ్యపేట, నందిగామల్లో పాత బంగళాలు, మండువా ఇళ్లు ఉన్నవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. పిల్లలు సెలవులకు వస్తే బాత్రూం లోపలే ఉండాలంటారు, ఏసీ కావాలంటారు. తప్పు లేదు. పెరటి వసారాలో బాత్రూం కట్టుకోవచ్చు. వైర్లు గోడ తొలవకుండా పైనుంచి లాగించుకోవచ్చు. మండువా మీద గాజు వేసినా, పక్కల గాలి పోయే సందు వదిలితే చాలు.

గోడ సంగతే వేరు. గానుగ సున్నంతో కట్టిన గోడ నేల చెమ్మను పీల్చినా మళ్లీ బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. ఉప్పు తేలుతుంది, పెచ్చులు ఊడతాయి. మేస్త్రి వచ్చి మళ్లీ సిమెంటే పూస్తాడు! హైదరాబాదు కోఠీలో 1803లో పని మొదలైన రెసిడెన్సీ భవనం తర్వాత మహిళా కళాశాల అయింది. ఇటీవల దాని మరమ్మతుల్లో సున్నమే వాడారు.

సిమెంటు ఫ్యాక్టరీలున్న చోట ఈ మాట అనడం సాహసమే. కానీ సిమెంటుకూ, సున్నానికీ మూలం సున్నపురాయే. మన ధనంబోడు స్తూపానికి శిల్పులు చెక్కిందీ సున్నపురాయినే. సున్నం పని తెలిసిన పాత మేస్త్రి ఎవరైనా దొరికితే ఈ చలికాలంలో ఒక్క గోడకు పూయించండి. ఒక వానాకాలం గడిచాక మిగతా గోడల సంగతి చూసుకోవచ్చు.