పాలిచ్చే ఆవుని ఎందుకు వదిలించుకుంటారు?

గాజువాక వైపు రైతు ఒకాయన అడిగారు: "పెద్ద డెయిరీ ఫారాల్లో ఏటా అన్ని ఆవుల్ని తీసేస్తారట, అవన్నీ ముసలివేనా?"

కావండీ. ఆవు పదిహేను, ఇరవై ఏళ్లు బతకగలదు. కానీ అమెరికాలాంటి చోట్ల పెద్ద మందల్లో ఏటా సుమారు మూడో వంతు ఆవులు బయటికి పోతాయి. రెండేళ్లకి తొలి ఈత అవుతుంది. మూడు ఈతలు అయ్యేసరికి, అంటే ఐదేళ్లు అటూ ఇటూగా, చాలావాటి పని అయిపోతుంది. దీన్నే ఏరివేత అంటాం.

ఇది రెండు రకాలు. పాలు తక్కువని మనం కోరి తీసేసేది ఒకటి. చూడి కట్టక, పొదుగువాపు వచ్చి, కుంటుపడి, తప్పక తీసేసేది రెండోది. రెండో రకం పెరిగిందంటే ఏరుతున్నది రైతు కాదండీ, రోగం.

నష్టం ఎక్కడంటే, పెయ్యని పెంచిన ఖర్చు తొలి ఈతలో పూర్తిగా రాదు. పాలేమో మూడో ఈత దాకా పెరుగుతూనే ఉంటాయి. సరిగ్గా లాభం వచ్చే వేళకి ఆవు చెయ్యిదాటిపోతోంది.

చూడి సంగతి చూద్దాం. ఆవు 21 రోజులకోసారి ఎదకొస్తుంది. ఒక ఎద మనం గమనించకపోతే ఆ 21 రోజులూ చివర్లో వట్టిపోయిన రోజులుగా కలుస్తాయి. రోజుకి మేత, దాణా 250 రూపాయలనుకోండి. ఒక ఎదకి 5,250, నాలుగు తప్పితే 21,000. మన సముద్రపు ఉక్కలో జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర ఆవులు ఎద సరిగా చూపించవు. చాలాసార్లు రాత్రిపూట, తెల్లవారుజామున వచ్చి పోతుంది.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. గొడ్డుపోయిందని ఒక ఆవుని అమ్మేశాం. కొన్నాయన దగ్గర మూడో నెలకే చూడి కట్టింది. లోపం ఆవుది కాదు, మా కళ్లది.

మరి తీసేసిన ఆవు ఎక్కడికి పోతుంది? మన రాష్ట్రంలో 1977 చట్టం గోవధని నిషేధించింది. పనికిరాని గేదెకి ధ్రువపత్రం మీద అనుమతి ఉంది, కాబట్టి దానికి ఎంతో కొంత ధర పలుకుతుంది. వట్టిపోయిన ఆవుకి అదీ లేదు. కొందరు సంతకి తోలతారు, కొందరు గోశాలకిస్తారు, కొందరు తాడు విప్పేస్తారు. విశాఖ రోడ్ల మీద ప్లాస్టిక్ సంచులు నములుతున్న ఆవుల్ని చూస్తూనే ఉన్నాం కదా. వాటిలో ఎన్నో ఒకప్పుడు ఎవరింట్లోనో పాలిచ్చినవే.

అందుకే అమ్మే ముందు మూడు పనులు చెయ్యండి. తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు ఎద చూడండి. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించండి. పాలు పితికాక చన్నులు అయోడిన్ మందులో ముంచి, వెంటనే మేత వెయ్యండి. చన్ను రంధ్రం మూసుకునేదాకా అరగంట నిలబడి ఉంటుంది. మూడోది, ఈనిన తేదీ, ఎద తేదీ, సూది తేదీ గోడ మీద సుద్దతోనైనా రాసుకోండి.

ఇవన్నీ చేశాక కూడా తప్పదంటే అమ్మండి. రాసుకోకుండా మాత్రం గొడ్డని ముద్ర వెయ్యొద్దు. ఉంటానండీ.