జవానుగానే కాదు, ఆఫీసరుగానూ వెళ్లవచ్చు



మేం హాస్టల్ నడిపేవాళ్లం. తెల్లారకముందే లేచి పరుగెత్తే పిల్లలు ప్రతి ఏడాదీ మా దగ్గర ఉంటారు. ఎందుకని అడిగితే "ఆర్మీ, మేడం" అంటారు. సంతోషమే. కానీ మన దగ్గర ఆర్మీ అంటే అగ్నివీర్ ర్యాలీ ఒక్కటే తెలుసు. లెఫ్టినెంటుగా చేరే దారి కూడా ఉంది. అది ఇంటర్లో తీసుకునే గ్రూపు దగ్గరే మొదలవుతుంది.

మొదటిది ఎన్‌డీఏ. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉంది. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. ఇంటర్ రెండో ఏడాది చదువుతూనే రాయవచ్చు. ఆర్మీకి ఏ గ్రూపైనా సరే. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌కు ఎంపీసీ కావాలి. అయితే 300 మార్కుల గణితం పేపరు అందరూ రాయాల్సిందే. జనరల్ ఎబిలిటీ 600, అందులో ఇంగ్లిష్ 200. తర్వాత ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు ఇంకో 900. అందుకే లెక్కలంటే భయపడి గ్రూపు మార్చుకోవద్దంటాం.

ఆడపిల్లలూ, ఇది మీకు కూడా. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్‌డీఏ తలుపు తెరుచుకుంది. మొదటి బ్యాచ్ అమ్మాయిలు 17 మంది 2025 మేలో శిక్షణ పూర్తిచేశారు. బైపీసీ వాళ్లకు నీట్ ద్వారా మిలిటరీ నర్సింగ్ ఉంది. చదువు పూర్తయ్యాక వచ్చేది ఆఫీసరు హోదాయే.

వయసు జాగ్రత్త. ఎన్‌డీఏకు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర లోపే. మన పిల్లలు బడికి ఆలస్యంగా వస్తారు, పుట్టినతేదీ తోచినట్టు వేసేస్తారు. చివరికి పదో తరగతి మెమోలో ఉన్న తేదీయే చెల్లుతుంది. నామినల్ రోల్స్ పంపకముందే సరిచూసుకోండి. పెళ్లికానివాళ్లకే అవకాశం. అమ్మలూ, నాన్నలూ, ఇంటర్ కాగానే పిల్లకు సంబంధాలు చూడొద్దు.

ఎన్‌డీఏ తప్పిపోతే డిగ్రీ ఉంది. డిగ్రీతో సీడీఎస్ పరీక్ష రాయవచ్చు. కాలేజీలో చేరేముందే ఎన్‌సీసీ ఉందా అని అడగండి. సీ సర్టిఫికెట్, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేయవచ్చు. దానికి రాతపరీక్ష లేదు. షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీకే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ ఎంపికల్లో ఎస్టీ రిజర్వేషన్ లేదు. యూపీఎస్సీ పరీక్ష ఫీజు మాత్రం మనకు ఉండదు. కాబట్టి మార్కులతోనే గెలవాలి. ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులు జరుగుతుంది. నలుగురిలో మాట్లాడాలి, జట్టుతో కలిసి అడ్డంకులు దాటాలి. కొండలెక్కే కాళ్లు మనకున్నాయి. మాట్లాడే ధైర్యమే తెచ్చుకోవాలి. రోజూ పది నిమిషాలు ఇంగ్లిష్ పేపరు గట్టిగా చదవండి, చదివింది పక్కవాళ్లకు చెప్పండి. ఒకసారి రాకపోతే వయసు ఉన్నంతవరకు మళ్లీ రాయండి.

పది పూర్తయిన పిల్లలు గ్రూపు ఎంచుకునే ముందు మీ వార్డెన్‌తో ఒక్కసారి మాట్లాడండి. దరఖాస్తు నింపడానికి మేం పక్కనే కూర్చుంటాం.