అవతారము - మకుటము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాది అత్తిముగం. కృష్ణగిరి జిల్లాలో, హోసూరు పక్క ఊరు. మీలో చాలామంది వలెనే బతుకుతెరువు కోసం బెంగుళూరు వచ్చి ఇక్కడే నిలిచినవాళ్ళం. ఆ పేరు విన్న కొత్తవారు అత్తగారికీ ఆ ఊరికీ ఏమి చుట్టరికమని అడుగుతారు. ఏమీ లేదు. అత్తి అంటే హస్తి, ముగం అంటే ముఖం. ఊళ్ళో ఐరావతేశ్వరుని గుడి ఉన్నది. ఏనుగు ముఖాన్ని ఊరికే పేరుగా పెట్టుకున్న చోట పుట్టాము గనుక, ముఖాలు మార్చుకునే పిల్లలను గురించి రెండు మాటలు చెప్పే అర్హత మాకు ఉన్నదనుకుంటున్నాము.

కార్యకర్తలు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు పూర్వకవుల మీద మాట్లాడతామనుకొని ఉంటారు. మేము ఎంచుకున్నది పిల్లల డీపీలు. నవ్వకండి. పూర్వకవులు కూడా మధ్యలో వస్తారు.

చేతికి ఫోను వచ్చిన పిల్లలు మొదట చేసే పనులు రెండు. తన ఫోటో ఉండవలసిన గుండ్రని చోట ఒక కార్టూను బొమ్మను పెట్టడం ఒకటి. ఆ బొమ్మ పక్కన ఒక వింత పేరూ, కింద సంతకంలాగా ఒక వాక్యమూ వ్రాసుకోవడం రెండవది. మా బంధువుల పిల్లల నంబర్లు తెరిచి చూస్తే మనిషి ముఖం అరుదు. నరుటో, లూఫీ, తంజిరో, ఛోటా భీమ్. "కన్నవాళ్ళు ఇచ్చిన ముఖం ఏమైంది?" అని పెద్దలు విసుక్కుంటారు.

మేము విసుక్కోము. అడిగి చూడండి, ఆ బొమ్మనే ఎందుకు తీసుకున్నావని. నరుటో ఊరంతా దూరం పెట్టిన అనాథ పిల్లవాడు. తంజిరో రాక్షసిగా మారిపోయిన చెల్లెలిని పెట్టెలో పెట్టి వీపున మోసే అన్న. ఈ కథలు తెలిస్తే మన పిల్లవాడు తన మనసులో దేనిని మోస్తున్నాడో కొంత తెలుస్తుంది. ఆడపిల్లల విషయంలో ఇంకొక కారణం ఉన్నది. సొంత ఫోటో పెడితే ఎవడో దానిని తీసి ఏమి చేస్తాడోనన్న భయం. బొమ్మ ఆమెకు ముసుగు కాదు, డాలు. దానిని తీయమనే ముందు ఆలోచించవలసి ఉన్నది.

ఈ బొమ్మకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు అవతార్. మన మాటే. 1980ల నడుమ లూకాస్‌ఫిల్మ్ సంస్థ హ్యాబిటాట్ అనే కంప్యూటరు ఆటను తయారుచేస్తూ, ఆడేవాని తరఫున తెర మీద తిరిగే బొమ్మకు ఆ పేరు పెట్టింది. 1992లో వచ్చిన ఒక ఇంగ్లీషు నవల దానిని లోకమంతా చాటింది. దిగి రావడమని దాని అర్థం. మన మాట అలా దేశాలు తిరిగి మన పిల్లల ఫోనులోనికి దిగి వచ్చింది. 2025 జులైలో మహావతార్ నరసింహ అనే యానిమేషన్ చిత్రం తెలుగులో కూడా వచ్చినప్పుడు, అప్పటిదాకా జపాను బొమ్మలు పెట్టుకున్నవారు కొందరు సింహముఖానికి మారారు. అదే సంవత్సరం జనవరిలో, జపానువారూ మనవారూ కలిసి 1992లో పూర్తిచేసిన రామాయణం బొమ్మల చిత్రం తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. ఏ ముఖం ఏ దేశానిదో పిల్లలకు పట్టింపు లేదు. మంచిదే.

వేషం కట్టినవాడిని దొంగ అనడం మన సంప్రదాయం కాదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ మొదట ముఖం చూపించదు. తెర మీదుగా జడ వేస్తుంది. తరువాత ప్రవేశ దరువులో తానెవరో తానే చెప్పుకుంటుంది. మొదట బొమ్మ, తరువాత పరిచయ వాక్యం. మన పిల్లలు చేసేదానిలో దీనికి భిన్నమేమున్నది? వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషం కట్టితే, ఆయన ముఖం ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు. కాకపోతే ఆట అయిన తరువాత ఆయన రంగు కడుక్కునేవారు. పిల్లలకు మేము చెప్పేది కూడా అంతే. ఇంటికి వచ్చిన మేనత్తతో నరుటోలాగా మాట్లాడనక్కరలేదు.

ఒక్క సంగతిలో మాత్రం మేము గట్టిగా ఉంటాము. బొమ్మ గీసినవాని సంతకం. చందమామ 1947 జులైలో మద్రాసులో తెలుగులోనూ, అంబులిమామ అనే పేరుతో తమిళంలోనూ మొదలైనది. మా పక్క ఇళ్ళలో ఒకరు దానిని, ఒకరు దీనిని చదివేవారు. అక్షరాలు వేరు, బొమ్మలు ఒకటే. విక్రమార్కుని భుజాన బేతాళుణ్ణి వేసిన శంకర్ గారి సంతకమూ, వడ్డాది పాపయ్యగారి "వ.పా." అన్న రెండు అక్షరాలూ మాకు అక్షరాభ్యాసంలో భాగమే. ఈనాడు అభిమానులు ఎంతోమంది రాత్రింబవళ్ళు కూర్చుని తమకు నచ్చిన పాత్రలను గీస్తున్నారు. దానిని తెచ్చి గుండ్రంగా కత్తిరించేటప్పుడు మూలనున్న చిన్న సంతకం తెగిపోతుంది. 2025 మార్చిలో కంప్యూటరు చేత తమ ఫోటోలను జపాను జిబ్లీ స్టూడియో పద్ధతిలో గీయించుకునే వేలంవెర్రి వచ్చింది. అందులో తెగిపోవడానికైనా సంతకం లేదు. గీసినవారి పేరు తెలిస్తే మీ వాక్యం పక్కన అది కూడా వ్రాయండి. ఖర్చు లేని పని.

ఇక వాక్యం సంగతి. మా దృష్టిలో బొమ్మ కంటె ఇదే పెద్దది.

ప్రతి పద్యం చివరా ఒకే మాట వేసే అలవాటు మన శతకకారులది. మకుటం అంటాము. పదకర్తలకు ముద్ర ఉన్నది. క్షేత్రయ్య తన పేరు వేసుకోక మువ్వగోపాలుని పేరు వేశాడు. త్యాగయ్య తన పేరే వేశాడు. మకుటంలో ఒక విశేషం గమనించండి. అది చాలామటుకు పిలుపు. సుమతీ అన్నా, దాశరథీ అన్నా ఎవరినో పిలుస్తున్నాడు. "నేను ఇంతటివాణ్ణి" అనడం లేదు. పిల్లలు వ్రాసుకునే వాక్యాలలో నూటికి తొంభై "నేను" తో మొదలవుతాయి, అదీ ఎవరో పాత్ర అన్న ఇంగ్లీషు మాట. ముఖం అరువు తెచ్చుకోవచ్చు గాని మాట కూడా అరువైతే ఇక మీరు ఎక్కడ ఉన్నట్లు?

ఆ ఒక్క వాక్యం తెలుగు అక్షరాలలో ఉండాలని మా కోరిక. సరిహద్దున పుట్టినవాళ్ళం కనుక ఈ బాధ మాకు ఎక్కువ. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టం వల్ల బడులలో తమిళం తప్పనిసరి పాఠమైంది. ఉన్న ఊరి భాష నేర్చుకోవలసిందే, అందులో మాకు తగాదా లేదు. ఇక్కడ కన్నడం అలాగే. కాని హోసూరు పక్క పిల్లవానికైనా, మీ పిల్లలకైనా తెలుగు చెవిలో ఉన్నది, నోట ఉన్నది, చేతిలో లేదు. మన అవ్వలు సంతకం రాక వేలిముద్ర వేశారు. మనవలు వేలిముద్రతో ఫోను తెరుస్తున్నారు. తెలుగు వరకు చూస్తే ఇద్దరూ ఒకచోటనే ఉన్నారు.

ఒక్క వాక్యంతో భాష నిలుస్తుందా అని మీరు అడగవచ్చు. నిలవదు. అయితే వేలిముద్ర మానినవారంతా మొదట నేర్చినది తమ పేరు వ్రాయడమే, పెద్దబాలశిక్ష తరువాత. పైగా కన్నడం చదివే పిల్లలకు సగం పని అయినట్లే. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. తలకట్టు తేడా గుర్తుపట్టితే మిగిలినవి చాలావరకు తెలిసిన ముఖాలే.

తెలుగు అక్షరాన్ని చులకన చేయకండి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం ఒక తీరున కూర్చి పంపితే ఐఫోనులు నిలువునా ఆగిపోయాయి. తెలుగు ముక్క రానివారు సైతం దానిని తమ పేరులో పెట్టుకుని, చూసినవాళ్ళ ఫోనులను ఆపి తమాషా చూశారు. ఆపిల్ సంస్థ అదే నెలలో మరమ్మతు పంపవలసి వచ్చింది. జ్ఞానంలోని మొదటి అక్షరమే వాళ్ళ యంత్రానికి కొరుకుడు పడలేదు చూడండి.

సభ ముగిసి పులిహోర పంచేలోపల పక్క గదిలో నలుగురు కుర్రవాళ్ళు కూర్చుంటారు. ఫోనులో తెలుగు కీబోర్డు ఎలా పెట్టుకోవాలో వాళ్ళు చూపిస్తారు. అక్షరాలు వచ్చిన పెద్దలు వాళ్ళ పక్కన కూర్చోండి. వాక్యం ఏమి వ్రాయాలో మాత్రం పిల్లలనే అనుకోనివ్వండి.