తండులదివ్యము – అసత్యశోధక యంత్రము

ఈ రాజమహేంద్రవరమున అర్ధశతాబ్దము న్యాయవాదవృత్తి నెరపి, ముద్దాయి ముఖము చూచి నేరము నిర్ణయించువారిని ఏనాడును సహింపని మహనీయుని స్మృతికై జరుగు నీ యుపన్యాసమునకు, మనుష్యుని దేహము వాని యసత్యమును బయటపెట్టునా యను ప్రశ్ననే విషయముగా గైకొంటిని.

నా బాల్యమున కోనసీమలో మా యింట నొక వెండిగిన్నె కనబడకపోగా, పనివారినందఱను వరుసగా నిలిపి మంత్రించిన బియ్యము నమలించిరి. తక్కినవారు నమిలి యుమిసిరి. పాలేరొకడు మాత్రము నోరెండి, గింజలు నాలుక కంటుకొని, ఉమియలేక వణకుచు నిలిచెను. దొంగ వీడే యనిరి. మూడవనాడు గిన్నె కుడితిగోలెము నడుగున దొరకెను.

అది పామరుల తంతు మాత్రమే కాదు. యాజ్ఞవల్క్యుడు తుల, అగ్ని, జలము, విషము, కోశమని యైదు దివ్యములను, అనగా దోషనిర్ణయపరీక్షలను, చెప్పగా, నారదస్మృతి చౌర్యాభియోగమునకు తండులదివ్యమును విధించి, బియ్యము నమిలినవాని నోట రక్తము కనబడినను, గాత్రము కంపించినను వానిని దోషిగా నెంచుమన్నది. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెనుగు చేసెను గనుక ఈ ధర్మశాస్త్రచర్చ మన భాషకు క్రొత్తది గాదు. దైవసన్నిధి ప్రమాణమన్ననో, 2020 డిసెంబరులో బిక్కవోలు గణపతి యెదుట రాజకీయప్రత్యర్థులు చేసినదే.

ఇక యంత్రము. 1921లో కాలిఫోర్నియాలోని బర్కిలీ పోలీసుశాఖకు చెందిన జాన్ లార్సన్, రక్తపుపోటును శ్వాసను ఏకకాలమున కాగితముపై గీయు పరికరమును నిర్మించెను. పిమ్మట లియొనార్డ్ కీలర్ చెమటవలన చర్మమున కలుగు విద్యుద్భేదమును గూడ దానికి జోడించెను. ప్రశ్న వినినంతనే గీత యెగసినచో ఆ మనుష్యుడు కలత చెందెనని తెలియును. ఆ కలతకు మూలము అబద్ధమో, అవమానమో, ఠాణాభయమో యంత్రమెఱుగదు. అబద్ధమునకే చెల్లు దేహచిహ్నమేదియు నింతవఱకు కనుగొనబడలేదు. కావున తండులదివ్యమునకు దీనికి భేదము సూక్ష్మతయందేగాని తత్త్వమున లేదని నా దృఢవిశ్వాసము.

1923లోనే వాషింగ్టన్ న్యాయస్థానము ఫ్రై కేసులో ఇట్టి రక్తపుపోటు పరీక్షను సాక్ష్యముగా గ్రహింప నిరాకరించెను. ఒక నిర్దిష్ట సంఘటనను గూర్చి జరుపు పరీక్ష, ఊహించి చెప్పుటకంటె ఎంతయో మేలే యైనను పరిపూర్ణతకు మిక్కిలి దూరమనియు, ఉద్యోగుల వడపోతకు నమ్మదగదనియు అమెరికా జాతీయ విజ్ఞానపరిషత్తు 2003లో తేల్చెను. ఆ మేలును గూడ చెప్పుట న్యాయము.

మన సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో, రాజ్యాంగపు 20(3) అధికరణము నాధారముగా గొని, సమ్మతి లేనిదే యెవరిని ఈ పరీక్షకు గుఱిచేయరాదనియు, సమ్మతించినను ఫలితము తనంతట సాక్ష్యము కాదనియు శాసించెను. సమ్మతిని మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయవలెనన్న నియమమే నాకన్నిటికంటె ముఖ్యముగా దోచును. ఏలయన, కాదన్నవాని కాదనుటయే నేరమునకు గుఱుతుగా నెంచు లోకమిది. బియ్యము నమలనని మా పాలేరు చెప్పగలిగి యుండెనా?

గిన్నె దొరకిన దినమున మా తాతగారు వానికి కబురంపిరి. వాడు రాలేదు, వాని తల్లి తట్ట పట్టుకొని వచ్చి, మిగిలిన కూలిధాన్యము కొలిపించుకొని పోయెను.