తాళం వేసిన పెట్టె

 

1990లో వచ్చిన ‘కర్తవ్యం’ సినిమా ఇవాళ పట్టభద్రులైన మీకంటే మీ అమ్మానాన్నలకే బాగా గుర్తుండి ఉంటుంది. అందులో ఖాకీ తొడుక్కున్న విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం దక్కింది. ఆ పాత్రకు ప్రేరణ భారతదేశపు తొలి మహిళా ఐపీఎస్ అధికారి కిరణ్ బేడీ.

ఆమె 1949 జూన్ 9న అమృత్‌సర్‌లో, నలుగురు ఆడపిల్లల ఇంట్లో రెండో అమ్మాయిగా పుట్టారు. 1966లో జాతీయ జూనియర్ టెన్నిస్ విజేత అయ్యారు. పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. చేసి, సొంత ఊళ్లోనే మహిళా కళాశాలలో పాఠాలు చెప్పారు. 1972లో ఐపీఎస్‌కు ఎంపికై పోలీసు అకాడమీకి వెళ్తే, అక్కడ ఆమె తప్ప అందరూ మగవాళ్లే. అకాడమీ అప్పట్లో రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూలో ఉండేది. 1975లో మన హైదరాబాద్ శివరాంపల్లికి వచ్చింది. ఆ ఏడాదే గణతంత్ర దినోత్సవ కవాతులో ఢిల్లీ పోలీసు దళానికి ముందు నిలిచి నడిచారామె. వెనక అడుగు కలిపినవాళ్లంతా పురుషులే.

1978 నవంబరులో ఇండియా గేట్ దగ్గర కొందరు నిరసనకారులు కత్తులు దూసి ముందుకొచ్చారు. ఆమె చేతిలో లాఠీ మాత్రమే ఉంది. అయినా వెనక్కి తగ్గలేదు. ఆ సాహసానికి రాష్ట్రపతి పోలీసు పతకం లభించింది.

ఆ తరువాత ట్రాఫిక్ విభాగం. 1982 ఆసియా క్రీడలకు ఢిల్లీ సిద్ధమవుతున్న రోజులవి. అడ్డదిడ్డంగా నిలిపిన కార్లను క్రేన్లు ఎత్తుకుపోతుంటే జనం ఆమెను ‘క్రేన్ బేడీ’ అన్నారు. ప్రధానమంత్రి కార్యాలయం కారును కూడా వదల్లేదు. ఆ ఘనత అందరూ ఆమెకే కట్టబెట్టారు. కారు తీయించింది సబ్‌ఇన్‌స్పెక్టర్ నిర్మల్ సింగ్ అని ఆమే స్వయంగా చెప్పారు. కింది ఉద్యోగి చట్టప్రకారం చేసిన పనికి పైఅధికారిగా అండగా నిలిచారు.

ఉత్తర ఢిల్లీలో డీసీపీగా ఉన్నప్పుడు ఆమెకు ఒక సంగతి తెలిసివచ్చింది. చిల్లర దొంగతనాల్లో పట్టుబడేవాళ్లలో చాలామంది మత్తుమందుకు బానిసలు. జైల్లో పెట్టి వదిలితే మళ్లీ అదే దారి పడుతున్నారు. అందుకని పోలీస్ స్టేషన్ల ఆవరణల్లోనే మత్తు మాన్పించే కేంద్రాలు తెరిచారు. తరువాత రూపుదిద్దుకున్న నవజ్యోతి స్వచ్ఛంద సంస్థకు పునాది అదే.

1988లో ఢిల్లీ న్యాయవాదులపై జరిగిన లాఠీచార్జి గురించి కూడా చెప్పుకోవాలి. న్యాయవిచారణ కమిషన్ ఆమె తీరును తప్పుపట్టింది. ముఖ్యంగా లా పట్టా అందుకున్నవాళ్లు ఆ అధ్యాయాన్ని కూడా చదవండి. అధికారి ఎంత పేరున్నవారైనా జవాబు చెప్పుకోవలసిందే.

1993లో తిహార్ జైళ్ల ఐజీగా బాధ్యతలు తీసుకునేనాటికి లోపల సామర్థ్యానికి మూడు రెట్లకు మించిన జనం. అందులో ఎక్కువమంది విచారణ ఖైదీలే. అంటే, నేరం రుజువు కానివాళ్లు. కష్టం చెప్పుకుందామంటే వినే దిక్కు లేదు. ఆమె ఒక పెట్టె పెట్టించారు. దానికి తాళం వేయించారు. ఆ పెట్టె బ్యారక్ బ్యారక్‌కూ తిరిగేది. ఖైదీ తన గోడు రాసి అందులో వేస్తే జైలు సిబ్బంది చేతుల్లో పడకుండా నేరుగా ఐజీ కార్యాలయానికి చేరేది. అందినట్టు రసీదు వచ్చేది, ఏం చేశారో జవాబు వచ్చేది.

అర్జీలు చదివేకొద్దీ జైలు మారుతూ వచ్చింది. చదువొచ్చిన ఖైదీలు రానివాళ్లకు అక్షరాలు దిద్దించారు. 1994 ఏప్రిల్‌లో ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా స్వయంగా వచ్చి వెయ్యిమందికి పైగా ఖైదీలతో విపశ్యన ధ్యాన శిబిరం నడిపారు. ఆ ఏడాదే కిరణ్ బేడీకి రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2003లో ఐక్యరాజ్యసమితికి పోలీసు సలహాదారుగా వెళ్లారు. 35 ఏళ్ల సర్వీసు తరువాత 2007లో స్వచ్ఛందంగా విరమించారు.

కిరణ్ బేడీ తెరిచిన దారిలోనే తరువాతి బ్యాచ్‌లో ఐపీఎస్‌కు వచ్చిన కంచన్ చౌధరి భట్టాచార్య 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు. దేశంలో ఆ హోదా పొందిన తొలి మహిళ ఆమె.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మీలో కొందరు స్టేషన్‌కు, కొందరు కోర్టుకు, కొందరు మండలాఫీసుకు, ఆసుపత్రికి, బడికి వెళ్తారు. ఎక్కడికి వెళ్లినా మీకంటే ముందే అక్కడ ఒక అర్జీల కట్ట కాచుకుని ఉంటుంది. అడుగున ఉన్నది చాలాకాలంగా ఎవరూ ముట్టనిది అయి ఉంటుంది. మొదటిరోజే దాన్ని బయటికి తీయండి. చివరిదాకా చదివి, అందిందని రాసి, కింద మీ సంతకం పెట్టి, అది పెట్టుకున్న మనిషికి పంపించండి.