నోరు విప్పే ఇంజనీరు

(విశ్వవిద్యాలయ అధ్యాపకుల సమావేశంలో ఒక విశ్రాంత కెమికల్ ఇంజనీరింగ్ ఆచార్యుని ప్రసంగ పాఠం)



కెమికల్ ఇంజనీరింగ్‌ను ఎలా బోధించాలో చెప్పమని మీరు నన్ను కోరారు. నా అనుభవంలోని ఒక పొరపాటుతోనే ప్రారంభిస్తాను.

ఒకనాడు ప్రయోగశాలలో విద్యార్థులు మిథనాల్, నీటి మిశ్రమాన్ని స్వేదనం చేస్తున్నారు. కండెన్సరుకు వెళ్లే చల్లని నీరు ఆగిపోయింది. ఆవిరి ద్రవంగా మారక గదిలోకి రాసాగింది. మిథనాల్ విషపదార్థం; నిప్పురవ్వ తగిలితే మండుతుంది. అటెండరు గమనించి హీటరు ఆపివేయడంతో ప్రమాదం తప్పింది. నీరు ఆగిన సంగతిని ఒక విద్యార్థి ముందే చూశాడని తరువాత తెలిసింది. అతడు ఉర్దూ మాధ్యమంలో చదివి, తన కుటుంబంలో తొలిసారిగా విశ్వవిద్యాలయానికి వచ్చినవాడు. "ఎందుకు చెప్పలేదు బాబూ?" అని అడిగాను. "ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియలేదు సార్. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయపడ్డాను" అన్నాడు. పదిహేను రోజుల క్రితం అతని ఇంగ్లీషు విని తరగతి నవ్వినప్పుడు నేను కూడా నవ్వాను. అతని మౌనానికి బాధ్యుణ్ణి నేనే.

ఆ మౌనం కర్మాగారానికి చేరితే ఏమవుతుందో ఆలోచించండి. ఒక పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తులను 10 రెట్లు పెంచితే అందులో పుట్టే వేడి 1000 రెట్లవుతుంది. ఆ వేడి బయటికి పోవలసిన గోడల వైశాల్యం మాత్రం 100 రెట్లే పెరుగుతుంది. గాజు పాత్రలో సాధువుగా కనిపించిన చర్య పెద్ద ట్యాంకులో అదుపు తప్పడానికి ఇదొక కారణం. అందుకే చల్లబరిచే ఏర్పాటు అక్కడ ప్రాణరక్షణతో సమానం.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీరు చేరింది. దానిని చల్లబరచవలసిన శీతలీకరణ వ్యవస్థను అప్పటికి నెలల క్రితమే ఆపివేశారు. వాయువును మండించవలసిన టవరు కూడా పనిచేయడం లేదు. గోడ అవతలి బస్తీలలో నిద్రిస్తున్న పేదలు వేల సంఖ్యలో బలయ్యారు. పాత్రికేయుడు రాజ్‌కుమార్ కేస్వానీ 1982లోనే హెచ్చరిస్తూ రాశారు, వినవలసినవారు వినలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం వెంకటాపురంలో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి, ఆవిరి ఊరిని కమ్మి 12 మందిని బలిగొన్నది.

గోడ అవతలి మనుషుల పట్ల బాధ్యత మన శాస్త్రానికి కొత్తది కాదు. బ్రిటన్‌లో సోడా కర్మాగారాలు వదిలిన హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువు పరిసర పొలాలను మాడ్చివేయగా, అందులో కనీసం 95 శాతాన్ని పట్టి ఉంచాలని 1863లో చట్టం చేశారు. ఆ చట్టం అమలును తనిఖీ చేసిన అధికారులలో ఒకరైన జార్జ్ డేవిస్, 1887లో మాంచెస్టర్‌లో ఇచ్చిన 12 ఉపన్యాసాలే ఈ బోధనకు తొలి పునాదులలో ఒకటి.

కనుక నా విన్నపాలు మూడు. మొదటిది: పదార్థ తుల్యతను విద్యార్థి ముందు తన భాషలో చెప్పనివ్వండి. లోపలికి వచ్చినది బయటికైనా పోవాలి, లోపలైనా మిగలాలి, లేదా మరొకటిగా మారాలి. ఈ భావం తెలుగులోనో, ఉర్దూలోనో స్థిరపడిన తరువాత ఇంగ్లీషు పదం తేలికగా వస్తుంది. రెండవది: ప్రతి ప్రయోగానికి ముందు "నీరు ఆగితే? కరెంటు పోతే? వేడి పెరిగితే?" అని ప్రతి ఒక్కరినీ అడగండి. పరిశ్రమలు హాజాప్ పేరుతో చేసే ప్రమాద పరిశీలన ఇటువంటి ప్రశ్నల వరుసే. మూడవది: సరైన జవాబుతో పాటు మంచి ప్రశ్నకు కూడా మార్కులు ఇవ్వండి.

ఉపకార వేతనంతో, ఎన్నో కష్టాలకోర్చి సీటు పొందినంత మాత్రాన విద్యాహక్కు నెరవేరినట్లు కాదు. తరగతిలో నిర్భయంగా నోరు విప్పగలగడం కూడా ఆ హక్కులో భాగమే. ఈ రోజు మన ముందు నోరు విప్పలేని విద్యార్థి రేపు కంట్రోల్ రూములో పై అధికారి ముందు ఎలా విప్పగలడు? అతడు మాట్లాడకపోతే నష్టపోయేది అతడొక్కడే కాదు, ఆ గోడ అవతలి ఊరు కూడా. రేపు మీ తరగతిలో వెనుక వరుసలోని విద్యార్థిని ముందుగా పలకరించండి. అతడు తడబడినా చివరిదాకా వినండి.

సెలవు.